ఐదిండ్లకు ఒకటే రసీదు

నేను బాకీదారునని మా సొసైటీ గోడకు అంటించిన కాగితాన్ని ఊరందరికీ పెద్ద గొంతుతో చదివి వినిపించింది నేనే. అంత బాగా ఇంకెవరూ చదవగలిగేవారు కాదు.

అరవైల నడిమి మాట. కేతేపల్లికి నాలుగు మైళ్ల దూరంలో, మూసీ కాలువ నీళ్లు ఎక్కలేని మిట్ట మీద మా ఊరు. సొసైటీ అంటే సహకార సంఘం. విత్తనాలకూ ఎరువులకూ రైతులకు అప్పిచ్చి, పంట అమ్ముకున్నాక కిస్తు వసూలు చేసేది. ఒక పెంకుటిల్లు, ఒక ఇనుప బీరువా, ఒక సెక్రటరీ, ఇంతే ఆ సంఘం. సెక్రటరీని అందరం పంతులు అనేవాళ్లం. ఏటా పుష్యమాసం చివర్లో, కిస్తు కట్టనివాళ్ల పేర్లు ఒక పొడుగాటి కాగితం మీద రాసి, గంజి పూసి గోడకు అంటించేవాడు. ఊళ్లో చదువు వచ్చినవాళ్లు పదిమంది లేరు. కాబట్టి ఆ కాగితం పడిన పొద్దు నాకు పండుగే.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. కిరాణా పొట్లాలు విప్పి చదివి నేర్చుకున్నాను, బస్సుల మీది బోర్డులు చూసి నేర్చుకున్నాను, నకిరేకల్‌లో అర్జీలు రాసే ఆయన వెనక నిలబడి ఆయన కసురుకునేదాకా చూసి నేర్చుకున్నాను. అట్లా సంపాదించిన చదువు మనిషిని ఊరుకోనివ్వదు. జాబితాను ఉత్తగా చదివితే నా చదువుకు నామోషీ అనిపించేది. అందుకని ఒక్కో పేరుకు ఒక్కో ముక్క తగిలించి చదివేవాణ్ణి. ఫలానా ఆయన, కొడుకు పెళ్లికి మూడు ఊళ్లు పిలిచాడు గానీ కిస్తు మరిచిపోయాడు. ఫలానా ఆయన, కొత్త సైకిలు కొన్నాడు గానీ సొసైటీ దాకా అది నడవదట. జనం నవ్వేవారు. నవ్వుకు గురైనవాడు తల వంచుకుని మెల్లగా జారుకునేవాడు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ మనుషులు నన్ను కొట్టకుండా ఎందుకు వదిలేశారో తెలియదు.

ఆ ఏడు కాగితం మీద పద్నాలుగు పేర్లున్నాయి. పది పేర్లు మంచి ఊపులో చదివాను. పదకొండో పేరు దగ్గర నాలుక ఆడలేదు. అది మా ఇంటిపేరు, ఆ పక్కన నా పేరు, ఫలానా వారి కొడుకని మా నాయిన పేరుతో సహా. నూటా పది రూపాయల బాకీ.

దాన్ని దాటేసి పన్నెండో పేరు చదివాను. ఆ పేరుగలాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. పదమూడూ పద్నాలుగూ కూడా మా వాడకట్టువాళ్లే. ముగ్గురూ ఒకేసారి నా మీదికి వచ్చారు. వాళ్ల పైసలు పోయినేడు సొసైటీకి మోసుకుపోయి కట్టినవాణ్ణి నేనే మరి. వాళ్లకు ఏదో సర్దిచెప్పబోతుంటే, వెనక నుంచి గొర్రెల కాపరి ఒకాయన, అక్షరమ్ముక్క రానివాడు, అడిగాడు.

“పద్నాలుగు గీతలున్నయి. నువ్వు పదమూడే చదివినవ్. ఆ ఇడిసిపెట్టిన గీత సుత జర చదువు.”

మందలో ఒక్క గొర్రె తగ్గినా పొలిమేరలోనే కనిపెట్టే కన్ను అది. చదవక తప్పలేదు. నా పేరుకు మాత్రం ఏ ముక్కా తగిలించలేదు. తగిలించే పనిని జనం తీసుకున్నారు.

నవ్వులపాలైతే అయ్యాను గానీ, నాకు అసలు భయం వేరే. మూడేండ్ల కింద, చుట్టుపక్కల ఎవరూ పెట్టకముందే, ఎకరన్నరలో నూట యాభై బత్తాయి మొక్కలు పెట్టాను. అవి మొల ఎత్తు ఎదిగాయి. ఇంకో రెండు మూడేండ్లు కాపాడితే కాపుకు వస్తాయి. కాపాడడానికి బావిలో నీళ్లు లేవు. మాఘం రాకముందే మోట బొక్కెన అడుగు బండకు కొట్టుకుంటున్నది. తూటాలు పేల్చి బావిని లోతు చేయించాలి. అందుకు నల్లగొండలో భూమి తనఖా మీద అప్పిచ్చే బ్యాంకుకు దరఖాస్తు పెట్టుకున్నాను. ఉగాదిలోపల వాళ్ల ఆఫీసరు వచ్చి బావులు చూస్తాడని, సొసైటీలో బాకీ ఉన్నవాడి బావి వైపు తిరిగి కూడా చూడడని చెప్పారు. సొసైటీ జాబితా నకలు ఒకటి ఏటా ఆ బ్యాంకుకు పోతుంది. అంటే గోడ మీది కాగితం గోడ మీదనే ఉండదు. నా పేరు దాని మీద ఉన్నంతకాలం నాకు అప్పు లేదు, బావి లేదు, ఆ ఎండాకాలం దాటేసరికి మొక్కలు ఉండవు.

నేను కిస్తు కట్టలేదా అంటే, ఖచ్చితంగా కట్టాను. పోయినేడు మా వాడకట్టు ఐదిండ్లవాళ్లం ఆముదాలు ఒకే బండికి ఎత్తి సూర్యాపేటలో అమ్ముకున్నాం. ఐదిండ్ల కిస్తులు కలిపి ఐదు వందల నలభై రూపాయలు ఒక గుడ్డలో మూటగట్టి, మా పెద్దనాయిన, నేను ఇద్దరం పోయి పంతులుకు కట్టి వచ్చాం. మా వైపు అదే పద్ధతి. ఒకరు పోతే పదిమంది పని చేసుకొస్తారు. రసీదు పెద్దవాడి ఇంట్లో, వాసానికి వేలాడే వెదురు గొట్టంలో ఉంటుంది.

జాబితాలో ఆ ఐదిండ్లలో నాలుగే ఉన్నాయి. పెద్దనాయిన పేరు లేదు.

అక్కడ, ఆ గోడ ముందరే, నోరు జారాను. ఐదుగురం ఒక్కనాడే కట్టాం కదా, పెద్దనాయిన పేరు మాత్రం ఎట్లా తప్పిపోయిందని అందరూ వినేటట్టు అడిగాను. అంతకంటె ఎక్కువ అనలేదు. మిగతాది జనం పూర్తి చేసుకున్నారు. నేను ఇంటికి చేరేలోపల, పంతులూ పెద్దనాయినా కలిసి పైసలు తిన్నారని నేను అన్నట్టు పెద్దనాయిన చెవిన పడింది. రసీదు చూద్దామని పొద్దు గూకేవేళ వాళ్లింటికి పోతే, గొట్టం వాసానికే ఉంది గానీ, పెద్దనాయిన లేచి లోపలికి వెళ్లి పడుకున్నాడు.

నా భార్యకు అక్షరాలు రావు. విషయమంతా విని ఒక్కటే అడిగింది.

“అందరి కాగితాలు చదివెటోడివి. నీ కాగితం నువ్వు ఎందుకు చదువుకోలే?”

ఆడవాళ్లకు సొసైటీ వ్యవహారాలు తెలియవని చెప్పి, కండువా దులుపుకుని బయటపడ్డాను.

పంతులు దగ్గరికి పోయి నా ఖాతా చూపించమన్నాను. ప్రెసిడెంటు చెప్పనిదే పుస్తకాలు తీయనన్నాడు. ప్రెసిడెంటు నల్లగొండలో ఉన్నాడు, ఎప్పుడొస్తాడో తెలియదన్నాడు. నేను ఊరుకునే రకం కాదు. నకిరేకల్ పోయి, సంఘం నియమాల చిన్న పుస్తకం ఒకటి పావలా పెట్టి కొన్నాను. వారం రోజులు దాన్ని పొలం గట్టు మీద కూర్చుని చదివాను. సగం అర్థమైంది, ఆ సగమే నాకు చాలు. సభ్యుడు తన ఖాతాను తాను చూసుకోవచ్చు. రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. బాకీదారని గోడకెక్కించే ముందు ఆ మనిషికి పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఈ మూడింటి కిందా ఎర్ర సిరాతో గీతలు గీసుకున్నాను. ఒక గీత ఎక్కువ వత్తి గీస్తే కాగితం చినిగింది.

పుస్తకం తీసుకుపోయి పంతులు ముందు విప్పి, గట్టిగా చదివాను. ఆయన నశ్యం పీల్చుకుంటూ చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

“పుస్తకంల రాసింది ఖరే. బీరువ తాళం ప్రెసిడెంటు దగ్గరుంది, అది సుత ఖరే.”

ఇక నా ఆవేశానికి పట్టపగ్గాలు లేకపోయాయి. చాయ హోటల్ దగ్గర, కల్లు మండువ దగ్గర, బస్సు ఆగే దగ్గర, ఎవరు దొరికితే వాళ్లకు పంతులు దొంగతనం గురించి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ దొంగతనం కొంచెం పెరిగింది. మొదట నాలుగు వందల నలభై రూపాయలు తిన్నవాడు, వారం తిరిగేసరికి సంఘం గోడౌను కూడా మింగేశాడు. నా ముగ్గురు సహబాకీదార్లు మాత్రం నా వెంట తిరగలేదు. వాళ్లకు నా మీద ఉన్న అనుమానం ఇంకా పోలేదు. దారిలో ఎదురైతే పైసలు ఏం చేసినవని కండ్లతోనే అడిగేవారు.

ఆ కోపంలోనే తొమ్మిది పేజీల అర్జీ రాశాను. మా తాత కాలంలో, చదవరాని ఉర్దూలో పన్ను రసీదులు ఇచ్చి రైతులను ఎట్లా ఏడిపించారో అక్కడ మొదలుపెట్టాను. నా చదువు చరిత్ర ఒక పేజీన్నర పట్టింది. బత్తాయి తోట గుణగణాలు రెండు పేజీలు. పంతులు స్వభావం మూడు. దాన్ని చుట్టచుట్టి నకిరేకల్‌లో ఉండే సంఘాల సూపర్‌వైజరు దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన మొదటి పేజీ చదివాడు, రెండోది సగం చదివాడు, ఆ తర్వాత కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“నీకు కావాల్సింది ఏ పేజీల ఉన్నది?”

తొమ్మిదో పేజీలో ఉందన్నాను. దాన్ని ఒక్కదాన్నే ఉంచుకుని, మిగతా ఎనిమిదీ నాకు తిరిగి ఇచ్చేశాడు. వెనక వైపు తెల్లగా ఉన్నాయి, దేనికైనా పనికొస్తాయన్నాడు. ఎంత కట్టాను, ఏ రోజు కట్టాను, రసీదు నంబరు ఎంత అని అడిగాడు. రోజు చెప్పలేకపోయాను. నంబరు అసలే తెలియదు. తొమ్మిది పేజీలు రాసినవాడి దగ్గర ఆయన అడిగిన మూడింటిలో ఒక్కటే ఉంది. అయినా నకలు రుసుము అర్ధ రూపాయి కట్టించుకుని, వచ్చే సోమవారం పుస్తకాలన్నీ సభ్యుల ముందు తెరవాలని నా పేజీ అంచున రాశాడు. బయటికి వచ్చి సగం దూరం నడిచాక, ఆ అర్ధ రూపాయికి రసీదు అడగలేదని గుర్తొచ్చింది.

సోమవారం నాటికి నేను గెలిచినట్టే ఊళ్లో చాటుకున్నాను. ఉతికిన ధోతి కట్టుకున్నాను. పంతులు తల వంచుకున్నాక మాట్లాడవలసిన నాలుగు మాటలు దారి పొడుగునా బట్టీ పెట్టుకున్నాను. సొసైటీ ముందు ఇరవై ముప్పై మంది చేరారు. ఉన్న ఒక్క కుర్చీలో సూపర్‌వైజరు కూర్చున్నాడు. ప్రెసిడెంటు దగ్గర ఉందన్న తాళం పంతులు జంధ్యానికే కట్టి ఉంది. దాన్ని నేను అందరికీ చూపించాను. ఆ రోజు మొత్తంలో నాకు దక్కిన గెలుపు అదొక్కటే.

మొదట నా ఖాతా తీశారు. అప్పు రాసి ఉంది, జమ లేదు. మిగతా ముగ్గురివీ అంతే. తర్వాత రోజువారీ చిట్టా తీశారు. పోయినేడు మాఘంలో ఒకనాడు ఐదు వందల నలభై రూపాయలు వచ్చినట్టు రాసి ఉంది. పైసలు ఎక్కడికీ పోలేదు. ఎవరూ తినలేదు. మొత్తమంతా పెద్దనాయిన ఖాతాలో జమ అయింది. అందులో మూడు వందలకు ఆయన అప్పంతా తీరిపోయి, మిగతా రెండు వందల నలభై ఆయన పేర అమానతుగా, అంటే దాచిన సొమ్ముగా, కూర్చుంది.

నేను ఇదే కుట్ర అన్నాను. పెద్దనాయిన ఒక్కడి పేర రాయమని ఎవరు చెప్పారో ఆ రాసినవాణ్ణి అడగాలన్నాను. సూపర్‌వైజరు రసీదు పుస్తకం తెప్పించి, సొసైటీ దగ్గర మిగిలే సగం ముక్కను వెతికి పట్టుకున్నాడు. దాన్ని కాసేపు చూసి, ఇది ఎవరి రాత అని పంతులును అడిగాడు.

“అప్పుడు నా చూపుడు వేలుకు గోరుచుట్టు లేచింది సాబ్. నేను సంతకం మాత్రమే పెట్టిన.” అని నా వైపు చూశాడు.

సూపర్‌వైజరు పుస్తకం నా చేతికిచ్చి చదవమన్నాడు. చదవవలసిన పనే లేకపోయింది. దూరం నుంచే పోల్చుకున్నాను. పెసరగింజలంత సున్నాలు, తలకట్లకు తీగలు, గుడి దీర్ఘాలకు మెలికలు. సినిమా టాకీసు బోర్డు మీది అక్షరాల్లా ఉన్నాయి. అటువంటి రాత మా ఊళ్లో ఒక్కడికే ఉంది.

అప్పుడు అంతా గుర్తొచ్చింది. ఏడాదిగా నా జ్ఞాపకంలో ఆ రసీదు రాసింది పంతులే. నిజానికి వేలికి గుడ్డ చుట్టుకుని, జర రాసిపెట్టమని ఆయన అడిగితే, అచ్చు వేసిన పుస్తకంలో నా రాత పడబోతున్నదని నా ఛాతీ ఉబ్బింది. ఐదు పేర్లు రాయాలనే మొదలుపెట్టాను. పెద్దవాడు కాబట్టి పెద్దనాయిన పేరు మొదట రాశాను. ఇంటిపేరు, తండ్రి పేరు కలిపి నా అక్షరాల సైజుకు ఆయన ఒక్కడి పేరుతోనే గీత నిండిపోయింది. కింది గీత రూపాయలు రాయడానికి. అందరికీ తెలిసిన సంగతే కదా అని, నాలుగు పేర్లు మనసులో రాసుకుని, సంఖ్య మాత్రం కింద వేశాను. ఐదుగురికి ఐదు రసీదులు తీసుకుంటే ఒక్కోదానికి పది పైసల స్టాంపు మనమే తెచ్చి అంటించాలి. ఒకటే రసీదుతో నలభై పైసలు మిగిల్చానని ఆ రోజు దారి పొడుగునా చెప్పుకున్నాను కూడా.

నాలుగు పేర్లు ఎందుకు రాయలేదని సూపర్‌వైజరు అడిగాడు.

“జాగ సరిపోలేదు సాబ్.”

గొర్రెల కాపరి, తన పక్కవాడితో అన్నట్టుగా, అందరికీ వినబడేటట్టు అన్నాడు. “ఐదిండ్ల గొర్లు ఒక్కని దొడ్లకు తోలి, కావలి ఉన్నోన్ని దొంగ అన్నడు.” దాంతో నవ్వు మొదలై, గోడ అవతలి దాకా పోయింది.

ఇంకొకడైతే అక్కడి నుంచి ఇంటికి పోయేవాడు. నేను సంచిలోంచి నియమాల పుస్తకం తీశాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను, కానీ గోడకెక్కించే ముందు మాకు నోటీసు ఇవ్వాలని ఇందులో ఉంది, ఎవరికిచ్చారు, పదిహేను రోజుల ముందు ఒక చీటీ వచ్చి ఉంటే నేను అప్పుడే వచ్చి చూసుకునేవాణ్ణి కదా అన్నాను. మూడు వందలు బాకీ ఉన్న మనిషి ఐదు వందల నలభై తెచ్చి కడితే, ఇదేందని అడగవలసిన పని లేదా అన్నాను. సూపర్‌వైజరు పంతులు వైపు తిరిగి, ఈయన రాసింది తప్పే గానీ, అడగకుండా గోడకెక్కించడం నీ తప్పని చెప్పాడు. పంతులు నశ్యం డబ్బీ మూసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మాటను ఇప్పటికీ పట్టుకునే ఉన్నాను. ఇప్పుడు బ్యాంకుకు పోతే, నీ స్కోరు ఇంత అని ఒక అంకె చెబుతున్నారు. అది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే కంప్యూటరు చెప్పిందంటారు. ఆ అంకె వెనక ఎవరో ఒకడు కూర్చుని రాసిందే ఉంటుంది. వాడికీ వేలు నొచ్చి ఉండవచ్చు, వాడి పక్కనా నా లాంటి పండితుడు ఒకడు ఉండి ఉండవచ్చు. మన పేరున ఉన్న కాగితాన్ని మనం అడిగి చూసుకోవాలి. తప్పుంటే దిద్దమని రాసివ్వాలి. ఆ తప్పు మన వల్లనే జరిగినా సరే అడగాలి. సిగ్గుపడి ఊరుకుంటే తప్పు ఒప్పయిపోదు.

దిద్దాలంటే ఒకటే దారి అన్నాడు సూపర్‌వైజరు. ఆ మొత్తంలో నూరు రూపాయలే తనవని, మిగతావి నలుగురివని పెద్దనాయిన రాసివ్వాలి. అట్లా రాసిస్తే ఆయన పేర ఉన్న అమానతు పోతుంది, తీరిపోయిందనుకున్న అప్పులో రెండు వందలు మళ్లీ లేస్తాయి. అందరూ నా మొహం చూశారు. మూడు వారాల కింద ఇదే జాగాలో ఆయన్ను దొంగను చేసిన మొహం అది.

మర్నాడు పొద్దున పోయాను. పెద్దనాయిన వాకిట్లో కూర్చుని నార తాడు పేనుతున్నాడు. కూర్చోమనలేదు. నిలబడే సంగతంతా చెప్పాను. తప్పు ఒప్పుకుందామని నోరు తెరిస్తే, నాకు వచ్చిన మన్నింపు మాటలన్నీ అర్జీల భాషలో ఉన్నాయి. తమరు పెద్దమనసుతో క్షమించగలరని ప్రార్థన అన్నాను. తాడు పేనడం ఆపాడు.

“ఎవరితోని మాట్లాడుతున్నవ్ రా? నేను తహసీల్దారునా?”

ఆయనే అందుకున్నాడు. ఐదుగురికి ఐదు రసీదులు తీసుకొమ్మని ఆ రోజే చెప్పానని, స్టాంపులు దండుగని నేనే కొట్టిపారేశానని, మిగిలిన నలభై పైసలతో ఇద్దరం చాయ తాగి, మిర్చి బజ్జీలు తిన్నామని ఒక్కొక్కటే చెప్పాడు. అక్షరం రాని మనిషికి అన్నీ వరసగా గుర్తున్నాయి. రెండు వందల అప్పు మళ్లీ మీద పడుతుందని వెనకాడుతున్నాడేమోనని నేను అప్పటికీ లోపల అనుకుంటున్నాను. అది నా మొహంలో కనబడినట్టుంది.

“ఆ రెండొందలు నా అప్పే. కాదని నేను ఎన్నడన్న అన్ననా? వేలిముద్ర ఏస్త. కని నువ్వు రాసిన కాగితం మీద ఎయ్య. పంతులు రాయాలె, సూపర్‌వైజరు చదివి చెప్పాలె. నువ్వు అరుగు కింద కూసోవాలె.”

అట్లాగే జరిగింది. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో కాగితం రాయాలంటే నన్నే పిలుస్తారని చెప్పుకునేవాణ్ణి, నా పేరును నిలబెట్టే కాగితం రాస్తుంటే అరుగు కింద చెప్పుల పక్కన కూర్చున్నాను. లోపల పంతులు కలం గీకే చప్పుడు, సూపర్‌వైజరు చదవడం, మధ్యలో పెద్దనాయిన మళ్లీ చదవమనడం వినబడుతూనే ఉన్నాయి. ఎనిమిది వాక్యాలు, అంతే. చివర్లో నన్ను పిలిచి సంతకం పెట్టమన్నారు. వీలైనంత చిన్నగా పెట్టాను. నలుగురి ఖాతాలూ దిద్దారు. పంతులు గోడ మీద నాలుగు పేర్లు నల్ల సిరాతో కొట్టేశాడు. నేను నకలు తీసుకున్నాను, రుసుముకు రసీదు కూడా అడిగి తీసుకున్నాను. పంతులు ఇస్తూ మర్యాదగానే నవ్వాడు.

అంతటితో పని అయిపోయిందనుకోవడం నా రెండో తెలివితక్కువతనం. ఉగాది ముందు బ్యాంకు ఆఫీసరు జీపు మా ఊరికి వచ్చింది, మూడు బావులు చూసి, మా బావి పక్కనుంచే పోయింది. నల్లగొండ పరుగెత్తాను. అక్కడి గుమాస్తా మంచివాడే. జాబితా తీసి నా పేరు చూపించి, మా దగ్గరికి వచ్చిన కాగితంలో నువ్వు ఇంకా బాకీదారువేనని చెప్పాడు. సొసైటీ గోడ మీద కొట్టేసిన గీత నల్లగొండ దాకా ఎట్లా వస్తుంది? తప్పు కాగితం ఎక్కడెక్కడికి పోయిందో, దిద్దిన కాగితం కూడా అక్కడక్కడికి పోవాలి. అది ఎవరి పనో నా పావలా పుస్తకంలో లేదు. మళ్లీ నకిరేకల్ వచ్చి, సూపర్‌వైజరుతో ఉత్తరం రాయించి, టపాను నమ్మక చేత్తోనే నల్లగొండకు మోసుకుపోయాను. అర్జీ ఒక్క పేజీయే రాశాను. రోజు, మొత్తం, రసీదు నంబరు మొదటి గీతలోనే వేశాను. వైశాఖంలో ఆఫీసరు వచ్చి బావి చూశాడు. జ్యేష్ఠం మొదట్లో పైసలు చేతికి అందాయి. వడ్డెరలు దిగి తూటాలు పేల్చారు. నాలుగు గజాలకు నీళ్లు పడ్డాయి.

కానీ జ్యేష్ఠానికి ముందు వైశాఖం ఒకటి ఉంటుంది. నేను నల్లగొండకూ నకిరేకల్‌కూ తిరుగుతున్న ఆ నెలన్నర, అడుగున ఊరే కాసిన్ని నీళ్లను నా భార్య కుండలతో తోడి, కావడితో మొక్కలకు పోసింది. నూట యాభైకి అవి చాలవు. నేను ఒకనాడు నల్లగొండ నుంచి దిగి నడిచి వస్తుంటే, బాట పొడుగునా నాలుగు వరుసల మొక్కలు ఆకులు ముడిచి, పుల్లల్లా నిలబడి ఉన్నాయి. అవి నేను మొదట పెట్టినవి. నర్సరీలో ఏరి తెచ్చిన బలమైన మొక్కలు. బస్సు దిగినవాళ్ల కంటబడాలని బాట పక్కనే పెట్టాను. లోపలి వరుసలన్నీ పచ్చగా ఉన్నాయి. ఎందుకు ఇట్లా చేశావని అరిచాను. కుండ దించకుండానే చెప్పింది.

“అన్నిటికి పోస్తే అన్ని పోతయి. బాట పొంటియి నువ్వు మందికి సూపియ్యనీకె పెట్టినవ్. లోపలియి బతకనీకె పెట్టినవ్. అందుకే గియ్యి ఇడిసిపెట్టిన.”

ఎనభై ఎనిమిది మొక్కలు బతికాయి. వానలు పడ్డాక ఆ నాలుగు వరుసల్లో మళ్లీ బత్తాయి పెడదామన్నాను. ఆమె వినలేదు. అక్కడ కందులు చల్లించింది, ఆ ఏడే కాదు, ఏటా చల్లించింది. తోట కాపుకు వచ్చాక ఊరికి కొత్తవాళ్లు బాటన పోతూ, బత్తాయి చేనులో సగం నుంచి ఎందుకు మొదలైందని అడిగేవారు. ఒకరికి అక్కడ చవుడు అని చెప్పాను. ఒకరికి చెదలు పట్టాయన్నాను. ఇంకొకరికి, బాట పక్కన పెడితే దొంగలు కోసుకుపోతారని ముందే ఆలోచించి వదిలేశానని చెప్పాను. ఆమె పక్కనే కందికాయ తెంపుకుంటూ వినేది. ఒక్కసారి కూడా నన్ను దిద్దలేదు.